రెండో తాళంచెవి

మా మామ ఉన్నన్ని రోజులు మా అరుగు మీద పంచాయితీ జరగని వారం లేదు. కూర్చునే ముందే రెండు దిక్కులా డిపాజిట్ పెట్టించేవారు. ఆ పైసలను మా అత్త గుడ్డలో మూటగట్టి బియ్యం డబ్బాలో దాచేది. మాట తప్పినవాళ్ల పైసలు పోయినట్టే. నేను లోపల చాయ్ మరగబెడుతూ వినేదాన్ని. ఎవరిది తప్పో, తప్పు కింద ఎంత కట్టాలో చెప్పేసి మామ లేచేవారు. మధ్యవర్తి అంటే అట్లా ఉండాలనే నేనూ అనుకున్నాను.

నల్లగొండలో న్యాయసేవా సంస్థ వాళ్ల మధ్యవర్తిత్వ శిక్షణకు మా మహిళా సంఘం నుంచి నన్ను పంపినప్పుడు కూడా అదే ధీమాతో బస్సెక్కాను. పద్దెనిమిదేళ్లుగా సంఘం లెక్కలు రాస్తున్నా, కిస్తీల లొల్లి ఎన్ని తెంపలేదు! కోర్టులో కేసులు చూసే మధ్యవర్తులకైతే 40 గంటల శిక్షణ ఉంటుందట. మాకు చెప్పింది అందులో ఒక ముక్కే. ఆ ముక్కకే నా తీట తీరింది.

మొదటి రోజు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి అత్తాకోడళ్ల వేషం వేయించారు. మధ్యవర్తిని నేను. షరతు ఒక్కటే: పది నిమిషాలు ‘ఎందుకు’ అనే మాట అనొద్దు. రెండో నిమిషంలోనే ‘ఎందుకట్లా అన్నవమ్మా?’ అనేశాను. కోడలు వేషం వేసినామె ఉత్త నటనే అయినా ముఖం ముడుచుకుంది. ‘ఎందుకు’ అంటే మనకు ప్రశ్న, ఎదుటివాళ్లకు నింద. దాని బదులు ‘అప్పుడేమైంది?’ అని అడగమన్నారు. ఒకరు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పి ‘ఇంతేనా, ఇంకేమన్నా ఉందా?’ అనమన్నారు. ఆ ‘ఇంకేమన్నా’ దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఇంకో నియమం, విడిగా కూర్చున్నప్పుడు ఒకరు చెప్పింది వాళ్లు సరేనంటే తప్ప రెండోవాళ్లకు చేరకూడదు. మా ఊళ్లో ఇది అన్నిటికంటే కష్టం.

వచ్చిన నెలలోనే ఒక బోరు లొల్లి నా దగ్గరికి వచ్చింది. అన్నదమ్ములిద్దరివి పక్కపక్క బత్తాయి తోటలు, బోరు ఒక్కటే. స్టార్టర్ డబ్బా తాళంచెవి అన్న దగ్గర. తమ్ముడు హైదరాబాదులో కారు నడుపుతాడు, తోట చూసేది అతని భార్య. వంతు వచ్చిన ప్రతిసారీ ఆమె బావ ఇంటికి పోయి తాళంచెవి అడగాలి. ‘మోటరు మాది కాదా అక్కా? దినాం వాళ్ల గడప ముందట నిలబడాల్నా?’ అంది.

నాకు వెంటనే దారి దొరికిపోయింది. ‘రెండో తాళంచెవి చేయిస్తే అయిపాయె కదా!’ అన్నాను. పెద్దాయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు. ‘నువ్వు ఆమె దిక్కు మాట్లాడుతున్నవక్కా’ అని వెళ్లిపోయాడు. మామ అయితే డిపాజిట్ పట్టుకునేవారు. నా చేతిలో అదీ లేదు.

నాలుగు రోజులాగి నేనే ఆయన తోటకు పోయాను. తాళం సంగతి ఎత్తలేదు. మోటరు సంగతి అడిగితే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. పోయిన మేలో వోల్టేజీ లేనప్పుడు ఎవరో నడిపితే వైండింగ్ కాలిపోయింది. బోర్లోంచి తీయించడం, కట్టించడం, మళ్లీ దించడం కలిపి పద్నాలుగు వేలు ఆయన ఒక్కడే పెట్టుకున్నాడు. తమ్ముడు ఫోన్‌లో ‘చూద్దాం లే’ అన్నాడట. ‘ఇంకేమన్నా ఉందా?’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, దానికి ఎంత ఓపిక కావాల్నో మా ఇంట్లోవాళ్లనడగండి. ‘పైసలు కాదక్కా, ఒక్కసారి వచ్చి కాలిన మోటరు చూసిపోలేదు వాడు’ అన్నాడు.

ఆ ముక్క తమ్ముడికి చెప్పొచ్చా అని అడిగాను. చెప్పమన్నాడు. ఆదివారం తమ్ముడొచ్చాక ముగ్గురినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. సగం ఖర్చు రెండు వాయిదాల్లో ఇస్తానని తమ్ముడు ఒప్పుకున్నాక, పెద్దాయనే అన్నాడు: ‘ఇంకో తాళంచెవి చేపిస్తా తియ్యి.’ నేను మొదటి రోజు చెప్పిందే! నోటిదాకా వచ్చింది, చాయ్‌తో పాటు మింగేశాను. తోటల బాట మీద వాళ్లకున్న ఇంకో లొల్లి మాత్రం తెగలేదు, అది ఇప్పటికీ అట్లనే ఉంది.

నోటుపుస్తకం కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టారు. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టంలో ఇట్లాంటి ఊరి తగాదాలకు ముగ్గురు మధ్యవర్తులను పెట్టే పద్ధతి రాశారు, కానీ ఆ ఒప్పందం కోర్టు డిక్రీలాగా, అంటే కోర్టు తీర్పులాగా, చెల్లదు. గట్టి కాగితం కావాలంటే లోక్ అదాలత్‌కు పోవాలి. అక్కడ రాజీ అయితే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. ఇది చెబితే అన్నదమ్ములిద్దరూ ‘ఈ కాగితం చాలు’ అన్నారు.

ఒక్క రకం తగాదాకు మాత్రం నేను కూర్చోను. మా అరుగు మీద దెబ్బలు తిన్న ఆడపిల్లలను ‘సర్దుకుపో బిడ్డా’ అని పంపడం నేను కళ్లారా చూశాను. మామ మీద గౌరవం ఉంది, ఆ తీర్పుల మీద లేదు. చెయ్యి చేసుకున్న చోట ఇద్దరినీ సమానంగా కూర్చోబెట్టడమే అన్యాయం. అట్లాంటివి వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయిస్తాను, లేదంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి నేనే వెంట పోతాను.

మొన్న వానలకు ఆ స్టార్టర్ డబ్బా తాళం తుప్పు పట్టింది. కొత్తది ఎవరు కొనాలో కాగితంలో రాయలేదు. పొద్దున పెద్దాయన ఫోన్, పది నిమిషాలకు తమ్ముడి భార్య ఫోన్. తాళం ఎనభై రూపాయలు, నేనే కొనిస్తే పోతుంది అనిపించింది. ‘ఊ, అప్పుడేమైంది?’ అని అడిగి, పొయ్యి ఆపి కూర్చున్నాను.