హకీమ్ గారి పేపర్ల వెంట

మా మామయ్యకి మొదట గడప దాటడం కష్టమైంది. కాలు ఎత్తబోతారు, అరికాలు నేలకి అతుక్కుపోయినట్టు కదలదు, తలుపు పట్టుకుని చిన్న చిన్న అడుగులు ఈడ్చుకుంటూ వచ్చేవారు. తర్వాత బాత్రూముకి వెళ్ళేలోపే పంచె తడిసిపోవడం, ఆ తర్వాత మతిమరుపు. మొదట చూసిన డాక్టరు "వయసు మీద పడింది, దీనికి మందు లేదు" అని తేల్చేశారు. ఏడాది అలాగే పోయింది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఇంకో ఊళ్ళో ఒకాయన స్కాన్ చూసి, మామయ్యని వరండాలో నడిపించి చూసి, నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ కావొచ్చు, అంటే మెదడులోపలి గదుల్లో నీరు ఎక్కువై అవి ఉబ్బడం, ఆపరేషన్‌తో బాగయ్యే అవకాశం ఉంది అన్నారు. ఆ రాత్రి ఈ జబ్బుని ఎవరు కనిపెట్టారా అని వెతుకుతుంటే సలోమోన్ హకీమ్ పేరు దొరికింది. అప్పటినుంచి ఆయన పేపర్ల గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

హకీమ్‌ది కొలంబియా, లెబనాన్ నుంచి వలసొచ్చిన కుటుంబం. న్యూరోసర్జన్. 1950ల్లో బోస్టన్‌లో ఉన్నప్పుడు, మతి పోయి చనిపోయినవాళ్ళ మెదళ్ళు కోసి చూస్తే కొందరిలో లోపలి గదులు బాగా పెద్దవై ఉన్నాయి, కానీ పైపొర అంతగా పాడవలేదు. మెదడు కరిగిపోయి ఆ ఖాళీ ఏర్పడిందని అందరూ అనుకునేవారు. మరి పైపొర బాగానే ఉంటే ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

1957లో కొలంబియా రాజధాని బొగోటాలో హకీమ్ చూసిన పదహారేళ్ళ కుర్రాడొకడు రోడ్డు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి, ఆపరేషన్ అయ్యాక కూడా తేరుకోకుండా పడి ఉన్నాడు. అప్పటికి సీటీ స్కాన్ లేదు, మెదడులోకి గాలి పంపి ఎక్స్‌రే తీసేవారు. గదులు ఉబ్బి ఉన్నాయి, లోపలి నీటి ప్రెషర్ చూస్తే 150 మిల్లీమీటర్లు (బీపీలా పాదరసంతో కాదు, నీటిమట్టంతో కొలిచేది), అంటే మామూలే. పరీక్షకని 15 మిల్లీలీటర్ల నీరు తీశారు, అంతే. మర్నాడు కుర్రాడు మాట్లాడాడు! నాలుగు చెంచాల నీళ్ళు కూడా ఉండవు. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

హకీమ్ మాత్రం వెంటనే పేపరు రాసేయలేదు. 1964లో బొగోటాలోని హవేరియానా యూనివర్సిటీకి స్పానిష్‌లో థీసిస్ ఇచ్చారు. 1965లో రేమండ్ ఆడమ్స్, మిల్లర్ ఫిషర్ లాంటి బోస్టన్ డాక్టర్లతో కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో అచ్చు వేశారు. అందులో ఉన్నది ముగ్గురంటే ముగ్గురు పేషెంట్లు. టైటిల్లో 'నార్మల్' అన్న మాటకి కోట్స్ పెట్టారు, చివర్న 'నయం చేయదగ్గ జబ్బు' అని చేర్చారు. ఆ చివరి మాట మొదటి డాక్టరు చదివి ఉంటే మామయ్యకి ఏడాది మిగిలేది.

ప్రెషర్ మామూలుగానే ఉంటే మెదడు ఎందుకు నలుగుతుంది అన్నదానికి ఆయన చెప్పింది హైస్కూల్ ఫిజిక్సే. ప్రెషర్‌ని వైశాల్యంతో గుణిస్తే బలం. గది ఒకసారి పెద్దదయ్యాక అదే ప్రెషర్ ఇంకా పెద్ద గోడ మీద పడుతుంది, మొత్తం తోపుడు ఎక్కువవుతుంది. 1976లో 'కపాల కుహరపు ఫిజిక్స్' మీదే ఒక పేపరు రాశారు. ఊరికే రాసి వదిలేయలేదు, షంట్ (మెదడులో ఎక్కువైన నీటిని ఒంట్లో వేరే చోటికి మళ్ళించే సన్న గొట్టం) వాల్వుని కూడా తనే రూపొందించారు, స్ప్రింగు, దాని మీద చిన్న కెంపు గోళీ. (మన దగ్గర షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ని ఉగాండాలో పిల్లల్లో హకీమ్ రకం వాల్వుతో పోల్చి 2005లో ఫలితాలు అచ్చు వేశారు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు, ధర మాత్రం చాలా తక్కువ. దీని గురించి విడిగా రాయాలి.)

ఇంతా చెప్పి ఒకటి దాచకూడదు. 2025లో ఆ న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లోనే ఈ జబ్బున్న 99 మంది మీద చేసిన ట్రయల్ వచ్చింది. అందరికీ షంట్ వేశారు, సగం మందికి మూడు నెలలు పనిచేయని సెట్టింగ్‌లో ఉంచారు. పనిచేసిన వాళ్ళ నడక వేగం స్పష్టంగా పెరిగింది. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. మతి మొత్తం తిరిగొస్తుందని ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు.

షంట్ పనిచేస్తుందో లేదో ముందే చూడడానికి మామయ్యకి వెన్నులోంచి కొంత నీరు తీశారు, మెదడు నీరే అక్కడికీ దిగుతుంది. తీసే ముందు నర్సు నేల మీద టేపు పరిచి పది మీటర్లు నడిపించి అడుగులు లెక్కపెట్టింది, నలభై ఒకటి. నీరు తీసిన సాయంత్రం ఇరవై ఆరు. అత్తయ్య నోట మాట రాలేదు, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ "ఇంకోసారి నడవండి" అంది. షంట్ వేసి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ఆయన పాల ప్యాకెట్‌కి ఒక్కరే వెళ్తున్నారు, చిల్లర తీసుకోవడం మర్చిపోతారు, షాపతను అత్తయ్యకి ఫోన్ చేస్తాడు.