మూడో దశాంశం దగ్గర తేడా

హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో, అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో, క్యాన్సర్ కారకం కావచ్చని భావించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి, రోజుకు 96 నానోగ్రాములు మించరాదన్న పరిమితి వచ్చాక, నానోగ్రాముల వేట మాకు నిత్యకృత్యమైంది.

ఈ వారం మధుమేహం మందు మెట్‌ఫార్మిన్ నమూనా ఒకదానిలో ఆ మలినం ఉన్నట్టే తెరపై పీక్ (సంకేత శిఖరం) కనిపించింది. ఎన్‌డీఎంఏ అయాను (విద్యుదావేశం పొందిన అణువు) ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి 75.0553, ద్రావణిగా వాడే డీఎంఎఫ్‌లో సహజంగానే కాస్త ఉండే నైట్రోజన్-15 (మామూలు నైట్రోజన్ కంటే బరువైన రూపం) వల్ల వచ్చే అయానుది 75.0571. నమూనాలోని పదార్థాలను ముందుగా విడదీసే గొట్టం, అంటే కాలమ్, నుంచి రెండూ ఒకేసారి వెలువడితే, దగ్గరి ద్రవ్యరాశులను వేరుగా చూపే విభేదన శక్తి చాలని యంత్రం రెండింటినీ కలిపి లెక్కగట్టి, మంచి మందును దోషిగా నిలబెడుతుంది. అయాన్లను కదురులాంటి ఎలక్ట్రోడ్ చుట్టూ తిప్పుతూ, వాటి డోలనాల పౌనఃపున్యాన్ని బట్టి ద్రవ్యరాశిని తేల్చే ఆర్బిట్రాప్‌పై అదే నమూనాను నడిపితే, ఆ పీక్ డీఎంఎఫ్‌దేనని స్పష్టమైంది.

ఆ యంత్రం ధర (మా మేనేజర్ ముందు ఆ మాట ఎత్తకూడదు) చిన్న కంపెనీలకు అందేది కాదు. అలాంటిచోట డీఎంఎఫ్‌ను కాలమ్ మీదే విడదీయడం మేలు. నా దృష్టిలో ఎక్కడైనా మొదట చేయవలసిన పని కూడా అదే.