హేగర్స్‌టౌన్ లైబ్రరీ, నల్ల బండి

మా అమ్మాయి వాళ్లు మేరీలాండ్‌లో ఫ్రెడరిక్ అనే ఊళ్లో ఉంటారు. అక్కడికి వచ్చిన తల్లిదండ్రులందరికీ ఒకటే వరస: వాషింగ్టన్ మ్యూజియాలు, లాన్‌హామ్‌లో శివవిష్ణు ఆలయం, ఓపిక ఉంటే నయాగరా. మాకూ అవన్నీ అయ్యాయి. మిగిలిన శనివారం ఎక్కడికి వెళ్దామంటే నేను హేగర్స్‌టౌన్ అన్నాను. "అక్కడేముంది మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు. లైబ్రరీ ఉందన్నాను. సర్వీసంతా లైబ్రరీలోనే గడిపి, రిటైరయ్యాక కూడా లైబ్రరీయేనా అని మా ఆవిడ నవ్వింది గానీ, టిఫిన్ డబ్బా సర్దుకుని కారెక్కింది.

ఫ్రెడరిక్ నుంచి 70వ నంబరు హైవే మీద పడమరకి వెళ్తే అరగంట దారి. మధ్యలో సౌత్ మౌంటెన్ ఎక్కి దిగాలి. దిగాక రెండు వైపులా పొలాలు, గడ్డి చుట్టలు, దూరంగా కొట్టాలు. హేగర్స్‌టౌన్ ఉన్న వాషింగ్టన్ కౌంటీ అంటే ఇదే, రాజధాని వాషింగ్టన్ వేరు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోవచ్చు, విస్తీర్ణంలో చిన్నది. ఈ పొలాలు చూస్తేనే గానీ ఆ లైబ్రరీ కథ అర్థం కాదు.

వాషింగ్టన్ కౌంటీ ఫ్రీ లైబ్రరీ 1901లో తలుపులు తెరిచింది. కౌంటీ మొత్తానికీ ఒకే లైబ్రరీ అన్న ఆలోచన అప్పటికి చాలా కొత్త. ఒహాయోలో వాన్ వర్ట్ కౌంటీ వాళ్లు ఆ గౌరవం మాదే అంటారు, అదీ 1901లోనే మొదలైంది. మొదటి స్థానం ఎవరిదన్న తగాదాలోకి నేను వెళ్లను. నాకు ముఖ్యం, వెర్మాంట్ నుంచి ఇక్కడికి లైబ్రేరియన్‌గా వచ్చిన మేరీ టిట్‌కూంబ్. అప్పటికి కౌంటీ జనంలో మూడింట రెండొంతుల మంది హేగర్స్‌టౌన్ బయటే ఉండేవాళ్లు. ఊళ్లో ఎంత మంచి భవనం కట్టినా, పాలు పితికి పొలం వెళ్లే మనిషి పుస్తకం కోసం గుర్రం కట్టుకుని రాడు కదా.

అందుకని ఆవిడ మొదట చేసింది మనకి బాగా తెలిసిన పనే. పెట్టెకి ముప్పై పుస్తకాల చొప్పున సర్ది పల్లెల్లోని కిరాణా కొట్లకీ పోస్టాఫీసులకీ పంపింది. మన లెక్కలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు. కొన్నాళ్లకి అవి 66 అయ్యాయి. ఎవరైనా అక్కడితో సంతోషపడి వార్షిక నివేదిక రాసేసుకుంటారు (నేనైతే రాసేవాణ్ణి, పై అధికారి మెచ్చుకునేవాడు కూడా). ఆవిడకి మాత్రం కొట్టుకి కూడా రానివాళ్లు కనపడ్డారు. కొట్టుకి మైళ్ల దూరంలో, మట్టిరోడ్డు చివర ఉన్న ఇళ్లవాళ్లు.

1905లో బండి కట్టించింది. రెండు గుర్రాల బండి, బయటి వైపు తలుపులు తీస్తే అరలు, అరల్లో రెండు వందల దాకా పుస్తకాలు. లోపల పుస్తకాల పెట్టెలకి చోటు. తోలింది జోషువా థామస్, ఆ లైబ్రరీలోనే జానిటర్, అంటే భవనం శుభ్రంగా చూసుకునే మనిషి. పగ్గాలు పట్టుకునేదీ ఆయనే, పుస్తకాలు ఇచ్చేదీ ఆయనే. ఆ చుట్టుపక్కల దారులన్నీ తెలిసిన మనిషి, మాటకారి కూడా. ఒక ఇంటి ముందు బండి ఆపితే తొందరపడేవాడు కాదట. దూరం దారులకైతే రోజుల తరబడి తిరిగొచ్చేవాడు. మొదటి ఆరు నెలల్లోనే వెయ్యికి పైగా పుస్తకాలు పంచి వచ్చాడు. అమెరికాలో బుక్‌మొబైల్ (ఊరూరా తిరిగే పుస్తకాల బండి) చరిత్ర ఈ బండితోనే మొదలైందని చెబుతారు.

బండికి మొదట నల్ల రంగు వేయించారు. ఒక ఇంటి దగ్గర ఆపబోతే, శవాల బండితో మాకేం పని లేదు, ఇక్కడ ఆపొద్దన్నారట. వెంటనే చక్రాలకీ తలుపు పలకలకీ ఎర్రరంగు కొట్టించింది టిట్‌కూంబ్. ఈ సంగతి ఆవిడే రాసుకుంది. ఇది చదివినప్పుడల్లా నాకు ఆవిడ మీద గౌరవం పెరుగుతుంది. జనం అజ్ఞానమని విసుక్కోలేదు, రంగు మార్చింది.

1910 ఆగస్టులో సెయింట్ జేమ్స్ దగ్గర రైలు క్రాసింగ్‌లో గూడ్సు బండి గుద్ది ఆ బండి తుక్కుతుక్కు అయిపోయింది. మళ్లీ 1912లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల మోటారు బండి వచ్చింది. గుర్రాల కాలం అయిపోయింది.

ఇప్పుడున్న సెంట్రల్ లైబ్రరీ సౌత్ పొటోమాక్ స్ట్రీట్‌లో ఉంది, 2013లో పెంచి కొత్తగా తెరిచారు. అద్దాలు, వెలుతురు. చల్లగా ఉంది, అందుకేనేమో కంప్యూటర్ల దగ్గర ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఒకాయన ఉద్యోగం దరఖాస్తు నింపుతుంటే పక్కన లైబ్రరీ మనిషి నిలబడి ఏ గడిలో ఏం రాయాలో చెబుతోంది. పుస్తకం ఇవ్వడం ఎంత పనో ఇదీ అంత పనే వాళ్లకి. మా మనవడు పిల్లల విభాగంలో నేల మీద చతికిలబడి డైనోసార్ల పుస్తకాలు తిరగేశాడు.

నేను వెస్టర్న్ మేరీలాండ్ రూమ్‌లో కూర్చున్నాను. స్థానిక చరిత్ర, పాత పత్రికలు, వంశవృక్షాలు అన్నీ అక్కడే. ఇదే కౌంటీలో షార్ప్స్‌బర్గ్ పక్కన అమెరికా అంతర్యుద్ధంలోని యాంటీటమ్ యుద్ధం జరిగింది. 1862 సెప్టెంబరు 17న ఒక్క రోజులో చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి దాదాపు 23,000 మంది. తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటూ జనం రావడంలో వింతేం లేదు. షార్ప్స్‌బర్గ్‌లోనూ, హాన్‌కాక్, బూన్స్‌బరో, క్లియర్ స్ప్రింగ్ లాంటి చిన్న ఊళ్లలోనూ శాఖలున్నాయి. బుక్‌మొబైల్ ఇప్పటికీ తిరుగుతోంది.

అక్కడ కూర్చున్నంతసేపూ మా తెనాలి వైపు కాలువలే గుర్తొచ్చాయి. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవలో లైబ్రరీ నడిపారు. ఇక్కడ మట్టిరోడ్డు, అక్కడ కాలువ, అంతే తేడా. మా దగ్గర లేనిది ఆలోచన కాదు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. జనం కడతారు. వసూలైన సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకి జమకావడానికే ఏళ్లు పట్టేది. కొత్త పుస్తకాలకి ఇండెంట్ పెట్టి, అవి వచ్చేలోపు పాఠకులే మారిపోయేవాళ్లు.

మనవడు నాలుగు పుస్తకాలు పట్టుకొచ్చాడు. "నాన్నా, మన ఫ్రెడరిక్ కార్డు చాలు" అంది అమ్మాయి. మేరీలాండ్‌లో ఏ కౌంటీ కార్డుతోనైనా ఏ కౌంటీ లైబ్రరీలోనైనా పుస్తకాలు తీసుకోవచ్చట. తిరిగివ్వడం కూడా ఎక్కడైనా ఇవ్వొచ్చు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా రోజుల్లో పక్క శాఖ పుస్తకం మన బల్ల మీదికి వస్తే ఏ రిజిస్టరులో రాయాలన్నదే పెద్ద టెన్షన్.

తర్వాత వారం ఆ నాలుగు పుస్తకాలూ ఫ్రెడరిక్‌లోని సి. బర్ ఆర్ట్జ్ లైబ్రరీలో ఇచ్చేశాం. ఇవి మళ్లీ కొండ దాటి హేగర్స్‌టౌన్ ఎట్లా చేరతాయని కౌంటర్లో అడిగించాను. ఒక వ్యాన్ వచ్చి తీసుకెళ్తుందని చెప్పింది అక్కడి ఆవిడ.