ముందు భేదం, తర్వాత లాభం

ఆదివారం. కడప ఎండ గురించి కొత్తగా రాయాల్సిందేమీ లేదు, పదకొండుకే వీధిలో కుక్క కూడా కనపడదు. మావాడు మూడు రోజులుగా ఎదురింటి పిల్లాడితో కటీఫ్. బ్యాట్ వాడిదట, అందుకని రోజూ వాడే మొదట ఆడతాడట, ఔటైనా ఒప్పుకోడట.

మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫోన్‌లో చార్జింగ్ కూడా లేదు. నాకు ఛాన్స్ దొరికింది (ఫోన్ ఉంటే నా కథ ఎవడు వింటాడు!). గిన్నెలో బొరుగులు పోసుకొని మిత్రలాభం మొదలుపెట్టాను. 1853 నాటి నీతిచంద్రికలో చిన్నయసూరి మొదలుపెట్టిందీ దీంతోనే. సంస్కృత పంచతంత్రంలోనైతే ముందు మిత్రభేదం. మా ఇంట్లో సంస్కృతం వరసే, భేదం ముందే అయిపోయింది.

పావురాలు వలతో సహా ఎగిరిపోయి, నూరు ద్వారాల కలుగులో ఉండే హిరణ్యకుడనే ఎలుక దగ్గర వాలాయి. ఎలుక ముందుగా పావురాల రాజు చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతే, ముందు నావాళ్లవి, నాది చివర్న అన్నాడని కాస్త గొంతు పెంచి మరీ చెప్పాను.

"అంటే బ్యాట్ ఎవరిదైతే వాడు చివర్న ఆడాల, అంతే కదమ్మా?"

నేను సర్దుకుపొమ్మని చెప్పబోతే వాడికి ఆయుధం దొరికింది.

తర్వాత కాకి వచ్చి స్నేహం చేద్దామంటుంది. ఎలుక బయటికే రాదు, తినేవాడికీ తిండికీ స్నేహమేంటని కలుగులోంచే చాలాసేపు వాదిస్తుంది. బళ్లో ఈ ముక్క గబగబా చదివేసి పోయినట్టు గుర్తు. అందరితో స్నేహంగా ఉండమని పిల్లలకు చెప్పేటప్పుడు నేనూ ఈ ఎలుక అనుమానాన్ని దాటేసేదాన్నే. మావాడు మాత్రం బొరుగులు నమలడం ఆపేశాడు.

"కాకి తినేసిందా?"

"లేదు, స్నేహం చేసుకున్నాయి."

"తినదని ఎలుకకు ఎట్లా తెలిసింది?"

నాకు జవాబు తోచలేదు. కరెంటు వచ్చింది, బతికిపోయాను.

సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లుతుంటే ఎదురింటి అరుగు దగ్గర మావాడి గొంతు. "బ్యాట్ నీది కాబట్టి నువ్వు లాస్ట్ ఆడాల. పావురాల రాజు అట్లనే చేసినాడు."

"ఏ పావురాలు రా?"

బ్యాట్ పక్కన పడేసి ఇద్దరూ అరుగెక్కి కూర్చున్నారు. మావాడి కథలో కలుగుకు రెండొందల ద్వారాలు.