అంబులెన్స్ వచ్చేలోపు పక్క మంచం వాడే దిక్కు

దుబాయ్ లేబర్ క్యాంపులో అర్ధరాత్రి ఒకడికి గుండె ఆగిపోతే చుట్టూ ఉండేది మేస్త్రీలు, స్టీల్ ఫిక్సర్లు, హెల్పర్లు. 998కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. లేబర్ క్యాంపులన్నీ ఒక్కచోటే ఉండే సోనాపూర్ లాంటి చోట గేటు దాటి, బ్లాకు వెతుక్కుని, మెట్లెక్కి గది దాకా రావడానికే ఆ టైమ్ సరిపోదు. ఆ కాసేపూ పక్క మంచం మీదివాడు ఏం చేస్తాడన్నదే లెక్క.

సైటులో ఫస్ట్ ఎయిడర్లు ఉండాలని మా కంపెనీవాళ్లు హిందీ వచ్చినవాళ్లను ఏరి ట్రైనింగుకు పంపారు. ఒక పూట ఏసీలో కూర్చోవచ్చని అందరం హుషారుగానే వెళ్లాం. నేర్పింది కేరళ ఆయన, ఒకప్పుడు నర్సుగా చేశాడట. నడుము దాకా ఉన్న రబ్బరు బొమ్మను నేల మీద పడుకోబెట్టాడు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. సరిగ్గా నొక్కితే బొమ్మ టిక్కుమంటుంది. రోజూ రాడ్లు వంచే చేతులు కదా, ఇదెంత పని అనుకున్నాం. మోచేతులు వంచి చేతి బలంతో నొక్కినవాళ్లందరికీ నిమిషానికే ఆయాసం వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, చేతులు నిటారుగా పెట్టి, ఒంటి బరువు మొత్తం వేయాలి. 30 సార్లు నొక్కాక రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. అది చేతకాకపోతే ఆపకుండా నొక్కుతూ ఉన్నా చాలు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. గదికి ఆరుగురిని, ఎనిమిదిమందిని కుక్కడం వల్ల ఏదైనా లాభం ఉందంటే ఇదొక్కటే.

మా గదుల్లో మనిషి పడుకునేది రెండంతస్తుల ఇనుప మంచం మీద. పరుపు మీద నొక్కితే కుంగేది పరుపే, ఛాతీ కాదు. కాబట్టి ముందు కిందికి దించాలి. పై మంచం మీదివాడైతే ఒకరు పైకెక్కి చంకల కింద పట్టుకోవాలి, ఇద్దరు కింద నిలబడి అందుకోవాలి. దించి ఎక్కడ పడుకోబెడతాం? మంచాల మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో సూట్‌కేసులు, బియ్యం సంచి, సేఫ్టీ బూట్లు. ట్రైనింగ్ నుంచి వచ్చిన రాత్రే వాటన్నిటినీ మంచాల కిందికి తోయించాను. "డాక్టరు సాబు వచ్చిండు" అని నవ్వారు కానీ తోశారు.

ఇంకో సంగతి ఆ కేరళ ఆయన చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. గుండె ఆగినవాడు కొన్నిసార్లు ఉండి ఉండి గురక పెట్టినట్టు ఎగశ్వాస తీస్తాడు. అది ఊపిరి లెక్కలోకి రాదు. పక్కవాడేమో గురక పెడుతున్నాడనుకుని దుప్పటి కప్పుకుంటాడు. భుజం తట్టి పిలిచినా పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, ఇక ఆలోచించకుండా ఫోన్ చేసి నొక్కడం మొదలుపెట్టాలి. గుండెపోటు వచ్చి ఛాతీ బరువెక్కి, ఎడమ చేయి లాగుతూ, చెమటలు పడుతుంటే "గ్యాస్" అని ఈనో తాగి పడుకోవడం మన క్యాంపుల్లో చాలామందికి అలవాటు. ఒక రోజు జీతం పోతుందన్న భయం కూడా అందులో ఉంది, అది ట్రైనింగుతో పోయేది కాదు.

ఎండదెబ్బ మాత్రం అందరం చూసిందే. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. కానీ ఆగస్టు ఉక్కలో పొద్దున పదకొండుకే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మా సైటులో జగిత్యాల వైపు కుర్రాడొకడు సుత్తి చేత్తో పట్టుకునే "నా సుత్తి ఏదన్నా, ఎవడు తీసిండు?" అని అడిగాడు. పక్కవాళ్లు జోక్ అనుకున్నారు. మాట తేడా వచ్చిందంటే వేడి మెదడుకు ఎక్కిందని లెక్క. నీడకు లాగి, కవరాల్ విప్పి, కూలర్‌లో నీళ్లన్నీ ఒంటి మీద పోసి, కార్డ్‌బోర్డు ముక్కలతో విసిరాం. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాం. ఫోర్‌మన్ లబన్ (మజ్జిగ) సీసా తెచ్చి నోట్లో పోయబోతే ఆపాల్సి వచ్చింది. తెలివి సరిగా లేనివాడికి ఏది తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అంబులెన్స్ వచ్చేసరికి వాడు పేరు, ఊరు సరిగ్గా చెబుతున్నాడు.

ఊరి నుంచి మోసుకొచ్చిన వైద్యం కూడా ఉంది మన దగ్గర. కిచెన్‌లో చేయి కాలితే టూత్‌పేస్టు పూయడం, మూర్ఛ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టడం. కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారనివ్వాలి. మూర్ఛ వచ్చినవాడి చుట్టూ తగిలేవి జరిపి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. మా గదిలో పెద్దాయన ఒకాయన తాళాల విషయం ఇప్పటికీ ఒప్పుకోడు. "తాళం చెవులు పెడితేనే మా తమ్మునికి తగ్గేది" అంటాడు. దానంతటదే తగ్గే టైముకే తాళాలు పెట్టేవాళ్లని చెబితే ఆయనకు కోపం.

ఇంత నేర్చుకున్నా ఫోన్‌లో "ఎక్కడున్నారు?" అని అడిగితే మనవాళ్లు తడబడతారు. ఫలానా కంపెనీ క్యాంపు, పెద్ద మసీదు వెనకాల అంటే సరిపోదు. దుబాయ్‌లో ప్రతి బిల్డింగ్ ద్వారం దగ్గర మకానీ నంబర్ పలక ఉంటుంది, పది అంకెలు. అది చదివితే అంబులెన్స్ నేరుగా ఆ ద్వారానికే వస్తుంది. మా బ్లాకు మకానీ నంబరును పెద్ద అంకెల్లో రాసి గది తలుపు లోపలివైపు అంటించాను, కింద 998. కొత్తగా ఎవరు వచ్చినా మంచం చూపించేటప్పుడే దాన్ని ఫోటో తీయిస్తున్నాం. మనిషి పడిపోతే ఒకరు ఫోన్ పట్టుకోవాలి, ఒకరు నొక్కాలి, ఇంకొకరు చెప్పులు కూడా వెతుక్కోకుండా గేటు దగ్గరికి పరిగెత్తాలి.