చిన్న కంపెనీలో డబ్బు ఎక్కడ ఆగుతుంది?

జర్మనీలో బిజినెస్ మాస్టర్స్ చదివేవాళ్లకి చాలా చోట్ల ఒక ప్రాజెక్టు ఉంటుంది. కొందరు విద్యార్థులు కలిసి ఒక కంపెనీకి సలహాదారులుగా పనిచేయాలి. పేరున్న పెద్ద సంస్థ దొరికితే బాగుండునని అందరికీ ఉంటుంది. మా టీమ్‌కి యంత్రాల విడిభాగాలు చేసే ఒక కుటుంబ కంపెనీ దొరికింది. అక్కడి కంపెనీల్లో 99 శాతానికి పైగా చిన్న, మధ్యతరహావే. కాబట్టి ఆ దేశంలో వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఇలాంటి చోటికే వెళ్లాలని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

కొత్త కస్టమర్లను ఎలా తేవాలో చెప్పమని యజమాని అడిగారు. లెక్కల పుస్తకాలు చూస్తే ఆర్డర్లకి లోటు లేదు, లాభమూ ఉంది. అయినా జీతాల తేదీ దగ్గరపడితే టెన్షన్. ముందు డబ్బు సంగతి చూద్దామనుకున్నాం.

ఉక్కు అమ్మేవాళ్ల బిల్లు మీద ‘స్కోంటో’ అని ఉండేది. 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల్లో మొత్తం కట్టాలి. చేతిలో డబ్బు లేక ఈ కంపెనీ ఆ తగ్గింపును ప్రతిసారీ వదులుకునేది. 2 శాతమే కదా అనిపిస్తుంది. కానీ 20 రోజుల గడువు కోసం దాన్ని వదులుకుంటే ఏడాదికి దాదాపు 37 శాతం వడ్డీ పడినట్టు. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని కట్టేసినా ఎంతో మిగులుతుంది. ఈ లెక్క క్లాసులో కూడా చేశాం. అయితే నిజమైన బిల్లుల మీద చేసినప్పుడే, దాని వెనక ఎంతమంది జీతాలున్నాయో తెలిసింది.

ఇక రావాల్సిన డబ్బు. జర్మన్ చట్టం ప్రకారం గడువు దాటిన కంపెనీ నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు ప్రకటించే బేస్ రేటు కన్నా 9 శాతం పాయింట్లు ఎక్కువ వడ్డీ, పైన 40 యూరోలు అడగొచ్చు. ఆలస్యంగా కట్టే పెద్ద కస్టమర్‌కి అలా అడుగుతూ ఉత్తరం రాయమని మేం చెబితే యజమాని ఓపిగ్గా విన్నారు.

“ఇది నాకు తెలుసు. నా అమ్మకాల్లో సగం ఆ ఒక్క కంపెనీకే. ఈ ఉత్తరం పంపితే వచ్చే ఏడాది ఆర్డర్ ఇస్తారా?”

హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకునే బలం ఉండటం వేరు. చిన్న కంపెనీకి సలహా చెప్పేవాళ్లు ముందు ఈ బలం ఎంతుందో చూడాలి.

అసలు సంగతి వర్క్‌షాప్‌లో తెలిసింది. అక్కడ పని తెల్లవారుజామునే మొదలవుతుంది. మాతో మాట్లాడటానికి వాళ్లకి ఖాళీ దొరికేది ఉదయం టిఫిన్ విరామంలోనే, అదీ జర్మన్‌లోనే. మన పిల్లలు ఎక్సెల్‌లో దిట్టలు. పనిచేసే మనిషి పక్కన కూర్చుని అడగడానికే సంకోచిస్తారు. వచ్చీరాని భాషలో అడిగినా వాళ్లు విసుక్కోలేదు. సరుకు లారీ ఎక్కాక డెలివరీ కాగితాలు ఒక ట్రేలో పడి ఉంటాయని, అకౌంట్స్ చూసే ఆవిడ వారంలో కొన్ని రోజులే వస్తారని, బిల్లులు అప్పుడే వెళ్తాయని చెప్పింది వాళ్లే. కస్టమర్ ఆలస్యం మొదలయ్యేలోపే కంపెనీలోనే రోజులు గడిచిపోతున్నాయి.

సరుకు కదిలిన రోజే బిల్లు వెళ్లేలా, ఆ పని ఫోర్‌మన్ సులువుగా చేయగలిగేలా ఒక పద్ధతి రాసిచ్చాం. దానికి వాడే ఫారం ఎలా ఉండాలో ఫోర్‌మన్, అకౌంట్స్ ఆవిడ కూర్చుని తేల్చారు, అందుకే అమలైంది.

ఆ పెద్ద కస్టమర్ విషయంలో మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు. ఒక్కరి మీదే ఆధారపడటం తగ్గితేనే గట్టిగా అడగగలరు. అంటే యజమాని మొదట అడిగిన ప్రశ్నే సరైనది. అందుకే రిపోర్టు చివర్లో, చిన్న ఆర్డర్లే అయినా ఇప్పటికే గడువులోపు కడుతున్న కస్టమర్ల జాబితా ఇచ్చి, కొత్తవాళ్లను వెతికేటప్పుడు అలాంటివాళ్లతో మొదలుపెట్టమన్నాం.