మా అబ్బాయి బూడిద రంగు మోజు

సోనీ వారి వీడియో గేమ్ యంత్రం ప్లేస్టేషన్ జపాన్‌లో తొలిసారి అమ్మకానికి వచ్చింది 1994 డిసెంబర్ 3న. ఆ పన్నెండో నెలనూ మూడో తేదీనీ గుర్తుచేసేలా, ఇరవయ్యేళ్ల సందర్భంగా 2014లో సోనీ సరిగ్గా 12,300 పీఎస్4లను (ప్లేస్టేషన్ 4 యంత్రాలను) తొలి యంత్రపు బూడిద రంగులో తయారుచేసి, ఒక్కొక్కదానికి వరుస సంఖ్య వేసి అమ్మింది. ముప్పయ్యేళ్లకు, అంటే 2024లో, పీఎస్5 ప్రో ప్రత్యేక సెట్టు కూడా అన్నే వచ్చాయి. అమెరికాలో ధర దాదాపు వెయ్యి డాలర్లు. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా పద్నాలుగేళ్ల అబ్బాయి, బుకింగ్ తెరిచిన కాసేపటికే అవి అయిపోవడంతో, దాచుకున్న డబ్బుతో చేత పట్టుకుని ఆడే అదే రంగు కంట్రోలర్ ఒకటి కొనుక్కుని, సీలైనా తీయకుండా అరలో నిలబెట్టాడు.

కొరత వల్ల ధర పెరగడం నాకు తెలియనిది కాదు. కొరుకుడు పడనిది ఆ రంగు. దాన్ని చూసి మనసు కరగవలసింది తొంభైలలో ఆ యంత్రంతో పెరిగినవారికి. ఆ రోజుల్లో తెనాలిలో మేము ఆడినవి నింటెండో కంపెనీ గేమ్ యంత్రం ఫామికామ్‌కు నకళ్లు: పసుపుపచ్చ క్యాసెట్టు మీద వేలకొద్దీ ఆటలని రాసి ఉన్నా, లోపల ఓ పదో పదిహేనో ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి, బొమ్మ పడకపోతే క్యాసెట్టు ఊడబీకి, నోటితో ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. వాటిని ఎన్ని చేశారో లెక్క లేదు కనుక దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. మా వాడు తలచుకుని మురిసిపోతున్నది వాడి స్నేహితుల తండ్రుల బాల్యాన్ని. వలస వచ్చిన ఇంటి పిల్లలు యాసనూ తిండినీ బయటి నుంచి తెచ్చుకుంటారని విన్నాను గాని, జ్ఞాపకాలు కూడా అరువు తెచ్చుకుంటారని ఇప్పుడే చూస్తున్నాను. సోనీకి ఆ సంగతి ముందే తెలిసినట్టుంది: సెట్టు డబ్బా 1994 నాటి పోలికలోనే ఉంటుంది, కొత్త కేబుల్ కొసకు పాత ప్లగ్గు ఆకారంలో తొడుగు కూడా ఉంటుంది.

వీడియో కాల్‌లో మా అమ్మ, "ఆడుకోని ఆట వస్తువు ఎందుకురా బంగారం?" అని అడిగితే, "నీ కొలువు బొమ్మలతో మమ్మల్ని ఎప్పుడైనా ఆడుకోనిచ్చావా నానమ్మా?" అన్నాడు. పాత చీర ముక్కల్లో చుట్టి, ఏడాదికోసారి సంక్రాంతికి మాత్రమే పెట్టెలోంచి తీసే ఆ బొమ్మల సంగతి ఎత్తేసరికి ఆవిడ నవ్వి ఊరుకున్నారు. (వాడి తెలుగు ఇలాంటి వాదనలప్పుడే బాగా పలుకుతుంది.)

అయితే మట్టి బొమ్మకు లేని చిక్కు కంట్రోలర్‌కు ఉంది: లోపలి లిథియం బ్యాటరీ ఏళ్ల తరబడి చార్జింగ్ లేకుండా పడి ఉంటే పాడవుతుంది. ఆ సంగతి వాడికి నాకన్నా బాగా తెలుసు. డబ్బా చెక్కుచెదరకుండా ఉంటే చాలునంటాడు. నేను పట్టుబట్టింది ఒక్కదానికే, దాన్ని పెట్టుబడి అనవద్దని. మొన్న స్నేహితుడొకడు కొన్న ధర మీద ఎక్కువే ఇస్తానన్నా మా వాడు ఇవ్వలేదు.